ముగింపు అక్కర్లేని పరిశోధన: దెయ్యాల వేటగాడు హ్యారీ ప్రైస్ తత్వం

రాత్రి పన్నెండు దాటాక పాడుబడిన బంగళాలోకి కెమెరాతో అడుగుపెట్టడం, చేతిలోని విద్యుదయస్కాంత మీటరు దీపం మిణుకుమనగానే ఊపిరి బిగబట్టడం. ఇలాంటి వీడియోలకు ఇప్పుడు తెలుగులోనూ కొదవ లేదు. వాటి మీద జరిగే వాదన మాత్రం ఎప్పుడూ ఒకటే: దెయ్యాలు ఉన్నాయా, లేవా? ఆ రభసలో మరో ప్రశ్న మరుగున పడుతోంది. ఏమీ దొరకని రాత్రులు ఎన్ని గడిచినా మళ్లీ సంచి సర్దుకుని బయలుదేరే మనిషి ఎలాంటివాడు? అతన్ని లాగుతున్నది ఏమిటి?

ఈ ప్రశ్న వేసుకోవడానికి ఇంగ్లండుకు చెందిన హ్యారీ ప్రైస్ (1881-1948) కంటే మంచి ఉదాహరణ దొరకదు. మూడు దశాబ్దాల పాటు ఇదే పనిలో ఉన్నాడు. ఉత్తరాలు, ఫొటోలు, నివేదికలు, పత్రికల కత్తిరింపులు ఏవీ పారేయలేదు. అతని మీద అభియోగాలు మోపినవారికీ, అతన్ని వెనకేసుకొచ్చినవారికీ ఆధారాలు అతని బీరువాల్లోనే దొరికాయి.

క్లుప్తంగా: ప్రైస్‌ను దెయ్యాలను నమ్మినవాడనీ అనలేం, హేతువాది అనీ అనలేం. సేకరణ పిచ్చి, ప్రదర్శన మోజు, పండితుల సరసన కూర్చోవాలన్న ఆరాటం కలిసి అతన్ని నడిపాయి. తేలిపోయే కేసుల్లో ఇవే అతని చూపుకు పదును పెట్టాయి. తేలని ఒకే ఒక్క ఇంటి దగ్గర, ఏళ్లు గడిచేకొద్దీ, ఇవే ఆ చూపును మసకబరిచాయి.

సింహం గుర్తు లేని గాజు పలక

1922 ఫిబ్రవరి. విలియం హోప్ అనే వడ్రంగి అప్పటికి ఇంగ్లండులో పేరున్న ‘ఆత్మల ఫొటోగ్రాఫర్’. అతని ముందు కూర్చుని ఫొటో తీయించుకుంటే, కూర్చున్నవారి వెనక చనిపోయిన బంధువు ముఖం పొగమంచులా కనిపించేది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి నాలుగేళ్లయినా కాలేదు. కొడుకు శవాన్ని కూడా చూడలేకపోయిన తల్లులు వేలల్లో ఉన్న రోజులవి. అలాంటి ఫొటోకు గిరాకీ ఎంతుంటుందో వేరే చెప్పనక్కర్లేదు. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త ఆర్థర్ కానన్ డాయల్ అంతటివాడు హోప్‌ను సమర్థించేవాడు.

ప్రైస్ ఫొటో పలకల తయారీ కంపెనీతో ముందే మాట్లాడుకున్నాడు. ఆ కంపెనీ చిహ్నమైన సింహం బొమ్మను ఎక్స్‌రేతో పలకల మూలల్లో ముద్రింపజేశాడు. పలకను కడిగేదాకా ఆ గుర్తు కంటికి కనిపించదు. హోప్ ఎదుటే పొట్లం విప్పారు. పలకను పెట్టే చెక్క చట్రం చేతికి వచ్చినప్పుడు ప్రైస్ దాన్ని ఎవరికీ తెలియకుండా సూదులతో గుచ్చి గుర్తు పెట్టాడు. చీకటి గదిలో హోప్ ఒక్క క్షణం పక్కకు తిరిగాడు. చట్రం కోటు లోపలి జేబు వైపు వెళ్లింది, మరో చట్రం బయటికి వచ్చింది. కడిగిన పలకలో ప్రైస్ బొమ్మ వచ్చింది, పక్కన ఒక స్త్రీ ముఖమూ వచ్చింది. సింహం మాత్రం రాలేదు.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద చదువేమీ అక్కర్లేకపోయింది. చేతివాటం తెలిసి ఉండాలి, అంతే. చిన్నప్పటి నుంచి గారడీ నేర్చుకున్న ప్రైస్ లండన్ ఇంద్రజాలికుల సంఘం ‘మ్యాజిక్ సర్కిల్’ సభ్యుడు. ప్రేక్షకుల చూపును ఎటు మళ్లించి చేతులు ఎటు పనిచేస్తాయో అతనికి వృత్తిరహస్యంగా తెలుసు. అయితే హోప్ దుకాణం మూతపడలేదు. నమ్మినవాళ్లు ప్రైస్‌దే కుట్ర అన్నారు, కానన్ డాయల్ హోప్ పక్షానే నిలిచాడు.

కాగితాల వ్యాపారి సంచి

ప్రైస్‌కు విశ్వవిద్యాలయ పట్టా లేదు. కాగితాల వ్యాపారంలో ఉద్యోగం చేసేవాడు. పుట్టింది లండన్‌లో, సామాన్య కుటుంబంలో. తన గురించి రాసుకున్నప్పుడు మాత్రం ష్రాప్‌షైర్ పల్లెసీమలకు చెందిన కులీన వంశస్థుడిలా కనిపించడానికి తంటాలు పడ్డాడు. యువకుడిగా నాణేలు, పురావస్తువులు పోగుచేశాడు. తరువాత పుస్తకాల మీద పడ్డాడు. గారడీ, మంత్రవిద్య, మోసాలు, అద్భుతాల మీద అతను కూడబెట్టిన వేల గ్రంథాలు నేటికీ లండన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి. అతీత ఘటనలను పరిశోధించడానికి 1926లో పనిచేయడం మొదలుపెట్టిన తన ప్రయోగశాలకు అతను పెట్టుకున్న పేరు ‘జాతీయ’ ప్రయోగశాల. పేరులో ‘జాతీయ’ ఉంది గానీ అందులో ప్రభుత్వం పాత్ర ఏమీ లేదు. ఆ తరువాత పెట్టిన మండలి పేరులో లండన్ విశ్వవిద్యాలయం ఉంది. విశ్వవిద్యాలయానికి దానితో అధికారిక సంబంధం లేదు. ఈ పేర్లను బట్టే మనిషి ఆరాటం తెలిసిపోతుంది.

దెయ్యాల ఇంటికి వెళ్లేటప్పుడు అతను తీసుకెళ్లే సంచి ఆ రోజుల్లో పత్రికలకు మంచి సరుకు. అడుగుల చప్పుడు వినిపించకుండా బూట్ల మీద తొడుక్కునే ఉన్ని జోళ్లు, గోడల మందం కొలిచే ఉక్కు టేపు, తలుపులకు వేసే సీసపు సీళ్లు, దారపు ఉండ, సుద్దముక్క, విద్యుత్ గంటలు, వేలిముద్రల కోసం గ్రాఫైట్ పొడి, నేల కంపిస్తే తెలియడానికి గిన్నెలో పోసే పాదరసం, గాయాలకు అయోడిన్, చలికో భయానికో ఒక సీసా బ్రాందీ. జాబితా నవ్వు పుట్టిస్తుంది గానీ, అయోడిన్, బ్రాందీ తప్ప మిగతావన్నీ ప్రధానంగా మనుషుల్ని పట్టుకునే సాధనాలే. దారం తెగితే, సీలు చెదిరితే, పొడి మీద వేలిముద్ర పడితే అక్కడికి ఎవరో వచ్చారని అర్థం. మోసగాడు ఉన్నాడన్న లెక్కతోనే అతను సంచి సర్దుకునేవాడు.

మేక, ముంగిస, నిప్పులు

1932లో జర్మనీలోని బ్రోకెన్ పర్వతం మీద, పాత మంత్రగ్రంథం చెప్పిన విధంగా, ఒక మేకను అందమైన యువకుడిగా మార్చే క్రతువు నిర్వహించాడు. కన్యను, వృత్తాన్ని, సుగంధ ద్రవ్యాలను సమకూర్చుకున్నారు. పత్రికలవాళ్లు కొండెక్కారు. మేక మేకగానే ఉంది. మంత్రాలు పనిచేయవని చూపడానికే ఇదంతా చేశానన్నాడు ప్రైస్. ఆ సంగతి చూపడానికి అంత ఎత్తు ఎక్కాలా అన్నది వేరే విషయం.

ముంగిస కథ ఇంకా విచిత్రం. ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలోని ఒక రైతు ఇంట్లో, 1931 నుంచి, గోడలకు కొట్టిన చెక్క పలకల వెనక నుంచి ఒక గొంతు మాట్లాడుతోందని కబురు. ఆ గొంతు తన పేరు జెఫ్ అనీ, తాను ముంగిసననీ, 1852లో ఢిల్లీలో పుట్టాననీ చెప్పుకుంది. మూడు బొచ్చు వెంట్రుకలను చూపిస్తే చాలు పొంగిపోయే రోజుల్లో, కుటుంబం పంపిన వెంట్రుకలను ప్రైస్ జంతుశాస్త్ర నిపుణుడికి ఇచ్చాడు. కుక్కవి కావచ్చని జవాబు వచ్చింది. 1935లో స్వయంగా దీవికి వెళ్లాడు. ఆయన ఉన్నన్ని రోజులు ముంగిస పలకలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆ ఇంటి కుక్క వెంట్రుకలు కొన్ని తెచ్చి పోల్చి చూపిస్తే రెండూ ఒకటేనని తేలింది. కేసు అక్కడితో అయిపోవాలి. కానీ ప్రైస్ మరొకరితో కలిసి దాని మీద ఒక పుస్తకమే రాశాడు. అందులో మోసం అని ఖరాకండిగా అనలేదు, నిజమనీ అనలేదు.

అదే 1935లో కశ్మీర్‌కు చెందిన ఖుదా బక్ష్ ఇంగ్లండులో నిప్పుల గుండం తొక్కాడు. ఏర్పాట్లు ప్రైస్‌వే. పై నిప్పుల వేడి 430 డిగ్రీల సెల్సియస్, లోపల 1,400 అని నమోదైంది. వైద్యులు ముందూ వెనకా పాదాలు పరీక్షించారు. కాలలేదు. మళ్లీ 1937లో మరొకరితో పరీక్ష జరిగింది, ఆంగ్లేయులూ నడిచి చూశారు. తేలింది ఇది: కట్టె బొగ్గు వేడిని చాలా నెమ్మదిగా పాదానికి అందిస్తుంది, ఒక్కో అడుగు నిప్పును తాకేది సెకను లోపే. వీరభద్రుడి ఆలయాల వద్ద, పీర్ల పండుగలో గుండం తొక్కేవారిని చూసినవారికి ఆ అడుగుల వేగం పరిచితమే. విజయవాడ నాస్తిక కేంద్రం దశాబ్దాలుగా ఏ దేవుడి పేరూ తలవకుండా జనం చేత నిప్పుల మీద నడిపించి చూపిస్తున్నదీ ఇదే సూత్రం మీద.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. నిప్పుల గుండానికి జవాబు దొరికింది. దొరికాక ప్రైస్‌కు దాని మీద ఆసక్తి పోయింది. హోప్ విషయంలోనూ అంతే. జవాబు దొరకని, బోర్లీ అనే ఊళ్లోని దెయ్యాల ఇంటిని మాత్రం 1929 నుంచి చనిపోయేదాకా పట్టుకుని వేలాడాడు.

నాది అన్న పట్టు

బోర్లీకి ముందు ఆస్ట్రియాకు చెందిన మీడియం, అంటే ఆత్మలు తన ద్వారా పనిచేస్తాయని చెప్పుకునే మనిషి, రూడీ ష్నైడర్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. చీకటి గదిలో తెరలు కదిలించి, వస్తువులు గాల్లో తేల్చేవాడని పేరు. ప్రైస్ అతన్ని లండన్ రప్పించి, అతని చేతులకూ కాళ్లకూ, చుట్టూ కూర్చున్నవారి చేతులకూ కాళ్లకూ విద్యుత్ తీగలు కలిపి, ఎవరు పట్టు వదిలినా దీపం ఆరిపోయేలా అమర్చాడు. పరీక్షల తరువాత రూడీ శక్తి నిజమేనన్నాడు. తరువాత రూడీని వేరే పరిశోధకులు తీసుకెళ్లి పరీక్షించడం మొదలుపెట్టారు. 1933లో ప్రైస్ ఒక ఫొటో బయటపెట్టాడు. రూడీ చేయి పట్టు తప్పి వెనక్కి వచ్చినట్టు అందులో ఉంది. ఆ ఫొటో తీసింది 1932 వసంతంలో. దాదాపు ఏడాది పాటు దాన్ని సొరుగులో ఉంచుకున్నాడన్నమాట.

ఆ ఫొటో అసలైనదా కాదా అన్న దాని మీద తరువాతి పరిశోధకులు కొట్లాడుకున్నారు. దాని సంగతి ఎలా ఉన్నా, ఆలస్యమే అసలు విషయం చెబుతుంది. ‘నా’ మీడియం పక్కవాడి దగ్గరికి పోయాకే మోసానికి రుజువు సొరుగు దాటింది.

బోర్లీ ఇల్లు

ఎసెక్స్‌లోని బోర్లీ అనే చిన్న ఊళ్లో 1860లలో చర్చి గురువు కోసం కట్టిన ఎర్ర ఇటుకల భవనం అది. సన్యాసిని ఒకామె తోటలో నడుస్తుందని ఊళ్లో చెప్పుకునేవారు. 1929 జూన్‌లో ఒక దినపత్రిక ప్రైస్‌ను అక్కడికి రప్పించింది. అతను అడుగు పెట్టాక రాళ్లు పడ్డాయి, పాత్రలు ఎగిరాయి. అతను వెళ్లిపోగానే విసురుళ్లు ఆగిపోయాయి. గారడీ తెలిసిన ఈ అతిథి మీదే తనకు అప్పట్లో అనుమానం కలిగిందని అక్కడి చర్చి గురువు భార్య తరువాత చెప్పింది.

తరువాత ఆ ఇంట్లోకి వచ్చిన ఫాయ్‌స్టర్ దంపతుల కాలంలో సీసాలు పగిలాయి, గోడల మీద సాయం కోరుతూ రాతలు కనిపించాయి. 1931లో ప్రైస్ వెళ్లి చూసి, ఇదంతా ఆ ఇంటి ఇల్లాలి పనేనన్న అభిప్రాయానికి వచ్చాడు. ఆ మాటతో ఆ దంపతులతో చెడింది. ఇక్కడిదాకా మళ్లీ సింహం గుర్తు వేయించిన ప్రైసే కనిపిస్తాడు. తొమ్మిదేళ్ల తరువాత అదే ఇంటి మీద అతను రాసిన పుస్తకంలో ఆ సీసాలూ రాతలూ వింతల జాబితాలోకి చేరిపోయాయి, ఇల్లాలి మీది అనుమానం పక్కకు జరిగింది. ‘ఇంగ్లండులోకెల్లా దెయ్యాలు ఎక్కువున్న ఇల్లు’ అన్న బిరుదు ఆ 1940 నాటి పుస్తకం పేరు నుంచి వచ్చినదే.

మధ్యలో, 1937లో, ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు ఏడాదికి అద్దెకు తీసుకుని, పత్రికలో ప్రకటన వేసి, 48 మంది పరిశీలకులను ఎంచుకున్నాడు. చూడటానికి ఇది ఆదర్శప్రాయమైన పద్ధతి. కానీ ఒక్కొక్కరి చేతిలో ఒక సూచనల పుస్తకం పెట్టాడు. ఎక్కడ అడుగుల చప్పుడు వినిపించిందో, ఎక్కడ చలి తగిలిందో, ఎక్కడ సన్యాసిని కనిపించిందో అందులో ముందే ఉంది. ప్రశ్నపత్రంతో పాటు జవాబులూ ఇచ్చినట్టయింది. అప్పటికీ చాలామందికి చెప్పుకోదగ్గదేమీ తగల్లేదు.

1938 మార్చి 27న ప్లాంచెట్ (ఆత్మలు రాతతో జవాబిస్తాయని చెప్పే చిన్న కదిలే పలక) మీద ఒక ‘ఆత్మ’ ఆ రాత్రే ఇల్లు తగలబెడతానంది. ఆ రాత్రి ఏమీ కాలేదు. సరిగ్గా పదకొండు నెలలకు, 1939 ఫిబ్రవరి 27న, కొత్త యజమాని చేతిలో నూనె దీపం బోర్లాపడి ఇల్లు కాలిపోయింది. బీమా సొమ్ము కోసం చేసిన పనేనని బీమా కంపెనీ తేల్చింది. ప్రైస్‌కు మాత్రం తేదీ కలిసింది, పదకొండు నెలల తేడా లెక్కలోకి రాలేదు. 1943లో నేలమాళిగ తవ్విస్తే రెండు ఎముకలు దొరికాయి. యువతివి అన్నారు. బోర్లీ ఊరివాళ్లు అవి పందివని తమ శ్మశానంలో పూడ్చనివ్వలేదు. పక్క ఊళ్లో పూడ్చాల్సి వచ్చింది. 1946లో రెండో పుస్తకం వచ్చింది. 1956లో, ప్రైస్ మరణించిన ఎనిమిదేళ్లకు, అతనితో కలిసి పనిచేసిన ఇద్దరితో సహా ముగ్గురు పరిశోధకులు ఈ కేసు మొత్తాన్ని తిరగదోడి, కథలో ఎక్కువ భాగానికి నిలకడ లేదని తేల్చారు.

ఎందుకు వదల్లేకపోయాడు

మొదటి కారణం ఆశ పనిచేసే తీరు. గాలం వేసినవాడికి ప్రతిసారీ చేప పడితే విసుగు వస్తుంది, ఎప్పుడూ పడకపోతే లేచి వెళ్లిపోతాడు. ఎప్పుడో ఒకసారి, ఎప్పుడో తెలియకుండా పడితేనే ఒడ్డును వదలడు. ప్రవర్తనా శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద ప్రయోగాలతో చూపిన సంగతి ఇదే: ఎప్పుడు వస్తుందో తెలియని గింజ కోసమే పక్షి అలుపు లేకుండా మీట పొడుస్తుంది. దెయ్యాల ఇల్లు సరిగ్గా అలాంటి మీట. యాభై రాత్రులు నిశ్శబ్దం, ఒక రాత్రి మెట్ల మీద చప్పుడు.

రెండోది ఎదురుచూపు. ఏం కనిపిస్తుందో ముందే తెలిసిన కన్ను దాన్ని వెతికి పట్టుకుంటుంది. లండన్ గోల్డ్‌స్మిత్స్ కళాశాల పరిశోధకులు 2009లో ప్రచురించిన ప్రయోగంలో 79 మందిని ఒక ఖాళీ గదిలో ఒక్కొక్కరిగా నిలబెట్టారు. అయస్కాంత తరంగాలు, చెవికి అందని ధ్వని రావచ్చని, వింత అనుభూతులు కలగవచ్చని ముందే చెప్పారు. చాలామందికి కలిగాయి. అయితే తరంగాలు ఉన్నాయా లేవా అన్న దానితో వాటికి పొంతన లేదు. చెప్పింది మనసుకు త్వరగా ఎక్కించుకునే స్వభావమే వాటికి మెరుగైన వివరణగా తేలింది. బోర్లీ సూచనల పుస్తకం 48 మందికి చేసిందీ అదే, ప్రైస్‌కు అతని సొంత పుస్తకం చేసిందీ అదే.

మూడోది లెక్కల సంగతి. తేలిన కేసు ఒక పత్రికా కథనం, తేలని కేసు రెండు పుస్తకాలు. ప్రైసే పరిశోధకుడు, ప్రైసే ప్రచారకర్త, ప్రైసే రచయిత. ఆపవయ్యా అనే పైఅధికారి లేడు. అతీత ఘటనలను పరిశోధించే పాత సంఘంతో అతనికి ఎప్పుడూ చుక్కెదురే. ఇవన్నీ కలిపినా ఉద్దేశపూర్వకమైన మోసం అని రుజువు కాదు. బోర్లీలో అతను స్వయంగా రాళ్లు విసిరాడా అన్న దాని మీద వాదన నేటికీ ఉంది. విసరకపోయినా, కేసు మూతపడకుండా చూడటంలోనే అతని ప్రయోజనం ఉంది.

ఫ్యాను కట్టేసిన ఇంజినీరు, ఎవరికి బాధ అని అడిగిన మాస్టారు

ప్రైస్ పక్కన ఇద్దరిని నిలబెడితే తేడా తెలుస్తుంది. ఇంగ్లండులోని కోవెంట్రీలో ఇంజినీరు విక్ టాండీ పనిచేసే ప్రయోగశాలలో జనానికి గుబులు కలిగేది. ఒక రాత్రి అతనికీ పక్క చూపులో బూడిదరంగు ఆకారం కనిపించింది. మర్నాడు కత్తియుద్ధం పోటీకి వాడే తన సన్నని కత్తిని బిగింపులో పెడితే, ఎవరూ తాకకుండానే కొన కంపించింది. గదిలో కత్తిని అటూ ఇటూ జరుపుతూ కంపనం ఎక్కడ ఎక్కువో చూశాడు. కొత్తగా బిగించిన ఫ్యాను సుమారు 19 హెర్ట్జ్ ధ్వని పుట్టిస్తోందని లెక్క తేలింది. ఫ్యాను అమరిక మార్చాక గుబులు పోయింది. 1998లో వ్యాసం వెలువడింది. చెవికి అందని ధ్వనే దెయ్యమన్న ఆ వివరణ అన్నిచోట్లా నిలుస్తుందని తరువాతి ప్రయోగాలు చూపలేదు. కానీ టాండీ చేసిన పనిలో ఒక గుణం ఉంది: తన అనుభవాన్నే ఆపేసి చూడగల పరీక్ష పెట్టుకున్నాడు.

కేరళలో పుట్టి శ్రీలంకలో వృక్షశాస్త్రం బోధించిన అబ్రహం కోవూర్ (1898-1978) పట్టుదలలో ప్రైస్‌కు తీసిపోడు. అద్భుతశక్తి చూపినవారికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించిన ఆ మాస్టారికి ప్రదర్శన మోజు లేదనలేం. అయితే ఇంటి మీద రాళ్లు పడుతున్నాయని పిలిస్తే, అతను వెతికేది ఆ ఇంట్లో నోరు విప్పలేని మనిషి కోసం: అత్తింట నలుగుతున్న కోడలు, ఆదరణ లేని పిల్లవాడు. ఆ మనిషితో విడిగా మాట్లాడేవాడు, బాధకు దారి చూపేవాడు, రాళ్లు ఆగేవి. తెలుగు పల్లెల్లోనూ ఇంటి మీద రాళ్ల వార్తలు ఏటా వస్తూనే ఉంటాయి. అక్కడికి వెళ్లేవారిలో మీటరు పట్టుకున్నవారు ఎందరో, ఇంటి పిల్లలతో మాట్లాడేవారు ఎందరో గమనిస్తే ఏ తత్వానికి ఇప్పుడు గిరాకీ ఉందో అర్థమవుతుంది. ఆ మీటరు కూడా గోడలోని కరెంటు తీగకు స్పందించేదే.

గాల్లో ఇటుక

1944 ఏప్రిల్. కాలిపోయిన బోర్లీ ఇంటిని కూలుస్తున్నారు. ఒక అమెరికన్ పత్రిక తరఫున వచ్చిన ఫొటోగ్రాఫరుతో, మరో విలేఖరితో కలిసి ప్రైస్ అక్కడికి వెళ్లాడు. దూరం నుంచి తీసిన ఒక ఫొటోలో, శిథిలమైన ద్వారం ముందు, ఒక ఇటుక గాల్లో నిలిచి కనిపించింది. కూలీలు ఇటుకలు విసురుతూ పని చేసుకుంటున్నారని వెంట ఉన్న విలేఖరి తరువాత చెప్పింది. ప్రైస్ 1946 నాటి పుస్తకంలో ఆ ఫొటో వేసుకున్నాడు. కూలీల ఊసెత్తకుండా, ‘ఒకవేళ’ ఇది నిజంగా దెయ్యం పనే అయితే, అది విసిరిన వస్తువు గాల్లో ఉండగా దొరికిన తొలి ఫొటో ఇదేనన్నాడు.